స్వరం ముందా, కాలం ముందా? సంగీతలేఖన సాఫ్ట్‌వేర్లలో నోట్ ఇన్‌పుట్ మోడ్ల చరిత్ర

వ్యాససంగ్రహం

స్టాఫ్ నొటేషన్‌ను కంప్యూటర్‌లో రాసే సాఫ్ట్‌వేర్లలోని నోట్ ఇన్‌పుట్ మోడ్లు కొత్తవారితోపాటు అనుభవజ్ఞులను కూడా తికమకపెడుతున్నాయి. దీనిని వాడేవారి అవగాహనాలోపంగానో, నిర్మాతల అజాగ్రత్తగానో భావించడం పరిపాటి. ఒక స్వరచిహ్నంలో స్వరస్థానం, కాలప్రమాణం అనే రెండు నిర్ణయాలు ఇమిడి ఉండటమే ఈ తికమకకు మూలమని, వాటిలో ఏది ముందు చెప్పాలన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానమిచ్చిందని, ఆ సమాధానాలే నేటి మోడ్లుగా పక్కపక్కన నిలిచి ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ముద్రణ, ఫలకలేఖనం, అక్షరసంకేతాలు, తెరపై రాత అనే దశల క్రమంలో ఈ చరిత్రను పరిశీలించి, చివర తెలుగు స్వరలిపితో పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: స్టాఫ్ నొటేషన్, నోట్ ఇన్‌పుట్, మోడ్, స్వరస్థానం, కాలప్రమాణం, ఫినాలే, సిబేలియస్, మ్యూజ్‌స్కోర్, డోరికో, స్వరలిపి.

1. ఉపోద్ఘాతం

పాశ్చాత్య సంగీతంలో ఐదు గీతలపై రాసే ఒక్కొక్క చిహ్నం ఒకేసారి రెండు విషయాలు చెబుతుంది. అది ఏ గీతపై, లేదా ఏ రెండు గీతల నడుమ ఉన్నదన్నది స్వరస్థానాన్ని తెలుపుతుంది. దాని తల నిండుగా ఉన్నదా, బోలుగా ఉన్నదా, తలకు కాడ ఉన్నదా, కాడకు తోక ఉన్నదా అన్నది కాలప్రమాణాన్ని తెలుపుతుంది. కాగితంపై కలంతో రాసేవారికి ఇవి రెండు పనులుగా తోచవు. చేయి ఒక చోట ఆగి ఒక ఆకారాన్ని గీస్తే రెండూ పూర్తవుతాయి. కంప్యూటర్ కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ రెండూ విడిపోతాయి. స్వరస్థానానికి ఒక మీట, కాలప్రమాణానికి మరొక మీట నొక్కవలసి వస్తుంది. ఏది ముందు నొక్కాలన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

ఈ ప్రశ్న తెచ్చిపెట్టే చిక్కును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంకె 5 క్వార్టర్ నోట్‌కు గుర్తు. నోట్ ఇన్‌పుట్ మోడ్‌లో ఉండి 5 నొక్కితే, ఇకపై రాయబోయే స్వరం క్వార్టర్ నోట్ అవుతుంది. ఆ మోడ్‌లో లేకుండా, అప్పటికే ఒక స్వరం ఎంపికై ఉండగా అదే 5 నొక్కితే, రాసి ఉన్న ఆ స్వరమే క్వార్టర్ నోట్‌గా మారిపోతుంది. మొదటిది భవిష్యత్తుకు సంబంధించిన ఆజ్ఞ, రెండవది గతాన్ని దిద్దే ఆజ్ఞ. మీట ఒక్కటే. రెండవ సందర్భంలో స్వరం నిడివి పెరిగితే దాని పక్కనున్న స్వరం తుడిచిపెట్టుకుపోతుంది; తగ్గితే ఖాళీలో విరామచిహ్నం వచ్చి చేరుతుంది. గది లెక్క మాత్రం సరిపోతూనే ఉంటుంది కనుక పొరపాటు వెంటనే కంటబడదు. వాద్యబృందం ముందు పెట్టే ప్రతిలో ఒక స్వరం లేకపోవడానికి ఇంత చిన్న కారణం చాలు.

ఇటువంటి పొరపాట్లను వాడేవారి నిర్లక్ష్యానికి ఆపాదించి వదిలేయడం సులభం. కాని ఒకే తరహా పొరపాటు వేర్వేరు దేశాలలో, వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో, దశాబ్దాలుగా పునరావృతమవుతున్నప్పుడు దాని కారణాన్ని వ్యక్తులలో గాక చరిత్రలో వెదకడం సముచితం.

2. కంప్యూటర్‌కు పూర్వం: అంచెలుగా జరిగిన రాత

స్వరచిహ్నాన్ని భాగాలుగా విడదీయడం కంప్యూటర్‌తో మొదలైనది కాదు. 1501లో వెనిస్ నగరంలో ఒత్తావియానో పెత్రూచ్చి ‘ఓదెకాతోన్’ అనే బహుగళ గీతసంకలనాన్ని కదిలే అచ్చులతో ముద్రించాడు. అతని పద్ధతిలో ఒకే కాగితం ఒకటికి మించిన సార్లు అచ్చుయంత్రం కిందికి వెళ్ళేది. ఐదు గీతలు ఒక విడతలోను, స్వరచిహ్నాలు మరొక విడతలోను పడేవి. రెండు విడతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తేనే స్వరం తన గీతపై నిలిచేది. కొద్దిగా జరిగినా ఒక స్వరం మరొక స్వరంగా మారిపోయేది. పెత్రూచ్చి పుటల అందానికి పేరు రావడం వెనుక ఈ శ్రమ ఉంది.

1528 నాటికి పారిస్‌లో పియేర్ ఆతెన్యాన్ ఒకే విడతలో ముద్రించే పద్ధతిని అనుసరించాడు. అతని ఒక్కొక్క అచ్చులో స్వరచిహ్నంతోపాటు దాని వెనుక ఐదు గీతల చిన్న ముక్క కూడా ఉండేది. అచ్చుకూర్పరి పెట్టెలోంచి ఒక అచ్చు తీశాడంటే స్వరస్థానం, కాలప్రమాణం ఒకేసారి నిర్ణయమైనట్లే. గీతల ముక్కలు అతుకులు అతుకులుగా కనబడటం ఇందులోని లోపం. పని త్వరగా, చౌకగా సాగడం లాభం. విడతలుగా చేసే అందమైన పని ఒకవైపు, ఒక్క చేష్టతో ముగిసే త్వరితమైన పని మరొకవైపు. ఈ ద్వంద్వం తరువాతి శతాబ్దాలలో రూపాలు మార్చుకుంటూ కొనసాగింది.

లోహఫలకాలపై సంగీతాన్ని చెక్కే పనివారు మళ్ళీ విడతల పద్ధతినే ఆశ్రయించారు. సీసం, తగరం కలిసిన మెత్తని పలకపై ముందుగా ఐదు మొనలున్న పనిముట్టుతో గీతలు లాగేవారు. ఆపైన స్వరాల చోట్లను గుర్తుపెట్టుకుని, స్వరాల తలలను ఉక్కు ముద్రలతో కొట్టి, కాడలను, అడ్డుపట్టీలను, వంపుగీతలను తదుపరి దశలలో చెక్కేవారు. అంటే పనివాడు పాటను కాలక్రమంలో మొదటి నుంచి చివరివరకు రాసేవాడు కాడు. చిహ్నాల జాతిని బట్టి, చేతిలోని పనిముట్టును బట్టి పలకపై పలుమార్లు తిరిగేవాడు. అతడు ఏ దశలో ఉన్నాడో అతని చేతిలోని ఉలియే చెప్పేది.

ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చిన సంగీత టైపురైటర్లు మూడవ మార్గాన్ని చూపాయి. అమెరికాకు చెందిన రాబర్ట్ కీటన్ 1936లో ఒక యంత్రానికి, 1953లో దాని మెరుగైన రూపానికి పేటెంటు పొందాడు. వృత్తాకారంలో మీటలు అమర్చిన ఆ యంత్రంలో ఎడమ పక్కన ఒక పిడి ఉండేది. ఆ పిడిని వంపుతిరిగిన కొలబద్దపై జరిపి, ముద్ర ఐదు గీతలలో ఎక్కడ పడాలో ముందు నిర్ణయించేవారు. ఆ తరువాత కావలసిన ఆకారమున్న మీట నొక్కేవారు. ఇక్కడ స్వరస్థానం ముందు, కాలప్రమాణం తరువాత. పిడి ఎక్కడ ఉన్నదో కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. యంత్రం ఏ స్థితిలో ఉన్నదన్న సందేహానికి తావు తక్కువ. ఈ అంశం తదుపరి చర్చకు కీలకం.

3. అక్షరసంకేతాలు: అంటిపెట్టుకుని ఉండే కాలప్రమాణం

1960లలో చాలా కంప్యూటర్లకు తెర లేదు, మౌస్ లేదు. సంగీతాన్ని అక్షరాలుగా, అంకెలుగా మార్చి అందించడమే ప్రధానమార్గం. 1964లో బారీ బ్రూక్, మర్రే గూల్డ్ ‘ప్లెయిన్ అండ్ ఈజీ కోడ్’ అనే సంకేతపద్ధతిని ప్రతిపాదించారు. ప్రపంచ గ్రంథాలయాలలోని సంగీతమూలాలను నమోదు చేసే అంతర్జాతీయ సూచిక నేటికీ దీనినే వాడుతోంది. ఇందులో కాలప్రమాణాన్ని తెలిపే అంకె ముందు, స్వరం పేరు తరువాత వస్తాయి. 4 అని రాసి సి రాస్తే క్వార్టర్ నోట్ సి. ఆపైన 8 అని రాసి డి, ఇ అని వరుసగా రాస్తే ఆ రెండూ ఎనిమిదవ వంతు స్వరాలు. కొత్త అంకె వచ్చేవరకు పాత అంకె వర్తిస్తూనే ఉంటుంది.

1996లో హాన్-వెన్ నీన్‌హేస్, యాన్ న్యూవెన్‌హేజెన్ ప్రారంభించిన లిలీపాండ్ కూడా అక్షరసంకేతాలతోనే పనిచేస్తుంది. దీనిలో వరుస తారుమారైంది. స్వరం పేరు ముందు, కాలప్రమాణపు అంకె దాని వెంట. అయినా అంకె రాయని స్వరానికి అంతకుముందున్న అంకెయే వర్తిస్తుంది. వరుస ఏదైనా, కాలప్రమాణం తరువాతి స్వరాలను అంటిపెట్టుకుని ఉండటం రెండింటికీ సమానం. ఒక పాటలో స్వరం అడుగడుగునా మారుతుంది, కాలప్రమాణం మాత్రం కొంతసేపు నిలకడగా ఉంటుంది. ఆ నిలకడను వాడుకుని శ్రమ తగ్గించుకోవడం సహజమైన ఆలోచన. అయితే ఇలా అంటిపెట్టుకుని ఉండే ఆజ్ఞయే మోడ్‌కు బీజరూపం. అక్షరసంకేతంలో ఆ ఆజ్ఞ కాగితంపై రాసి ఉంటుంది; వెనక్కి చదివితే దొరుకుతుంది. తెరపైకి వచ్చేసరికి అది యంత్రపు జ్ఞాపకంలోకి వెళ్ళిపోయింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్వరకర్త లీలండ్ స్మిత్ (1925-2013) 1970ల నుంచి అభివృద్ధి చేసిన ‘స్కోర్’ మరొక ధోరణికి ప్రతినిధి. దానిలో ఒక సంగీతభాగాన్ని ఐదు విడతలుగా అందించాలి. మొదట స్వరస్థానాలన్నీ, తరువాత కాలప్రమాణాలన్నీ, ఆపైన ఉచ్చారణగుర్తులు, అడ్డుపట్టీలు, వంపుగీతలు. ఫలకంపై చెక్కే పనివాడి దశలను ఇది తలపిస్తుంది. ఉత్తమశ్రేణి ప్రచురణ సంస్థలు ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆదరించడానికి దీని ముద్రణనాణ్యత ఒక కారణం. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. స్వరాలన్నీ ఒక దశలో, కాలమంతా మరొక దశలో చెప్పేవారికి ‘ఇప్పుడు నేను ఏ పని చేస్తున్నాను’ అన్న సందేహం రాదు. దశ మారేటప్పుడు వారే దానిని మారుస్తారు.

4. మోడ్ అన్న భావన: పాలో ఆల్టో పరిశోధనాలయం

మోడ్ అన్న మాట చుట్టూ జరిగిన చర్చకు ప్రధానకేంద్రం కాలిఫోర్నియాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధనాలయం. 1970ల మధ్యలో అక్కడ బ్రావో అనే పాఠ్యసంపాదకం ఉండేది. దానిలో ఆజ్ఞల స్థితి, రాసే స్థితి వేరువేరు. రాసే స్థితిలో ఉన్నామనుకుని ఆజ్ఞల స్థితిలో ‘ఎడిట్’ అన్న ఆంగ్లపదాన్ని టైపు చేస్తే ఏమవుతుందన్నది ప్రసిద్ధమైన ఉదాహరణ. మొదటి అక్షరం పత్రం మొత్తాన్ని ఎంపిక చేస్తుంది, రెండవది తొలగిస్తుంది, మూడవది రాసే స్థితికి మారుస్తుంది, నాలుగవది మాత్రం తెరపై మిగులుతుంది. పత్రమంతా పోయి ఒక్క అక్షరం నిలుస్తుంది.

దీనికి ప్రత్యామ్నాయంగా లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే సంపాదకాన్ని రూపొందించారు. మోడ్లు లేకపోవడమే దాని ప్రత్యేకత. టెస్లర్ ఈ విషయాన్ని ఎంత పట్టుదలగా తీసుకున్నాడంటే, మోడ్లు వద్దన్న అర్థమిచ్చే అక్షరాలనే తన కారు నంబరు పలకపై వేయించుకున్నాడు. 1981లో మనస్తత్వశాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ మానవ చేష్టలలో దొర్లే పొరపాట్లను వర్గీకరిస్తూ, యంత్రం ఒక స్థితిలో ఉండగా మరొక స్థితిలో ఉన్నదని భావించి చేసే పొరపాటును ఒక ప్రత్యేకవర్గంగా గుర్తించాడు. మ్యూజ్‌స్కోర్‌లో 5 నొక్కి స్వరాన్ని పోగొట్టుకున్నవారి పొరపాటు సరిగ్గా ఈ వర్గంలోనిదే.

అదే పరిశోధనాలయంలో 1980ల మొదట్లో జాన్ మాక్స్‌వెల్, సెవెరో ఆర్న్‌స్టీన్ ‘మాకింగ్‌బర్డ్’ అనే సంగీతలేఖన వ్యవస్థను నిర్మించారు. స్వరకర్త పియానో తరహా మీటలు వాయిస్తే స్వరాల తలలు తెరపై కనబడతాయి. తాళవిభజన, కాలప్రమాణాల దిద్దుబాటు మౌస్‌తో ఆ తరువాత జరుగుతుంది. వాయించే చేతికి స్వరం, కాలం ఒక్కటే. యంత్రానికి మాత్రం ఒకటి నిశ్చయం, మరొకటి ఊహ. ఏ మీట నొక్కారన్నది యంత్రానికి నిస్సందేహంగా తెలుస్తుంది. ఎంతసేపు నొక్కారన్నది తెలిసినా, ఆ నిడివి ఏ చిహ్నానికి సమానమో చెప్పడం కష్టం. వాయించేవారు లయలో సహజంగానే స్వల్పంగా ముందువెనుకలవుతారు. 1983లో మిడీ ప్రమాణం వెలువడి విద్యుత్ వాద్యాలను కంప్యూటర్లకు కలపడం సులభమైన తరువాత కూడా ఈ చిక్కు తీరలేదు. వాయిస్తుండగానే రాసే రియల్‌టైమ్ పద్ధతి దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, స్వరాలను ఒక్కొక్కటిగా అందించే పద్ధతియే ప్రధానంగా నిలవడానికి ఇది ముఖ్యకారణం.

5. ఫినాలే, సిబేలియస్: రెండు వరుసలు

1988లో అమెరికాలో కోడా సంస్థ విడుదల చేసిన ఫినాలే (ప్రధాన రూపకర్త ఫిల్ ఫరాండ్) స్వరాలను అందించడానికి వేర్వేరు పనిముట్లనిచ్చింది. సింపుల్ ఎంట్రీ, స్పీడీ ఎంట్రీ, హైపర్‌స్క్రైబ్ వాటి పేర్లు. మౌస్‌తో వాడే సింపుల్ ఎంట్రీలో ముందు కాలప్రమాణాన్ని ఎంచుకుని, తరువాత గీతలపై క్లిక్ చేయాలి. స్పీడీ ఎంట్రీలో వరుస దీనికి విరుద్ధం. బాణపు మీటలతో కర్సర్‌ను కావలసిన స్వరస్థానానికి చేర్చి, ఆ తరువాత కాలప్రమాణపు అంకె నొక్కాలి. హైపర్‌స్క్రైబ్ వాయించినదాన్ని వాయించినట్లే పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో మూడు చరిత్రలు చేరాయన్నమాట.

స్పీడీ ఎంట్రీని మిడీ కీబోర్డుతో వాడే పద్ధతి ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఎడమచేత్తో పియానో మీటను నొక్కిపట్టి, కుడిచేత్తో అంకె నొక్కితే స్వరం పడుతుంది. పియానో మీట ఏదీ నొక్కకుండా అంకె నొక్కితే విరామచిహ్నం పడుతుంది. ఇక్కడ అంకెల అర్థం మారుతున్నది నిజమే, కాని ఆ మార్పును ఎడమచెయ్యి స్వయంగా నిలబెడుతోంది. చెయ్యి తీస్తే స్థితి పోతుంది. వాడేవారు నొక్కిపట్టి ఉంచినంతసేపే ఉండే ఇటువంటి స్థితిని జెఫ్ రాస్కిన్ 2000లో వెలువడిన తన గ్రంథంలో సాధారణ మోడ్ నుంచి వేరుచేసి చూపాడు; మరచిపోవడానికి వీలులేదు కనుక ఇది పొరపాట్లకు తావివ్వదన్నది అతని వాదన. స్పీడీ ఎంట్రీకి అలవాటుపడినవారు మరొక పద్ధతికి మారడానికి నిరాకరించడాన్ని కేవలం మొండితనంగా భావించనక్కరలేదు. వారి చేతులకు దొరికిన నిశ్చయం అటువంటిది.

ఇంగ్లండులో కవలసోదరులు జోనథన్ ఫిన్, బెన్ ఫిన్ 1993లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం సిబేలియస్‌ను విడుదల చేశారు. 1998లో అది విండోస్‌కు వచ్చింది. అంకెల మీటల దిమ్మెపై కాలప్రమాణాన్ని ముందు ఎంచుకుని, తరువాత స్వరం పేరున్న అక్షరాన్ని నొక్కడం దీని ప్రధానమైన పద్ధతి. కాలప్రమాణం మారనంతవరకు అక్షరాలు వరుసగా టైపు చేసుకుంటూ పోవచ్చు. ‘ప్లెయిన్ అండ్ ఈజీ కోడ్’లోని వరుస ఇక్కడ తెరపై ప్రత్యక్షమైంది.

ఈ రెండు వరుసల మధ్య ఏది శాస్త్రీయమన్న వాదన నిష్ప్రయోజనం. ఒకే కాలప్రమాణంతో సాగే పరుగుస్వరాలకు సిబేలియస్ వరుస అనుకూలం. పియానో ముందు కూర్చుని స్వరాన్ని విని, దాని నిడివిని ఆ తరువాత నిర్ణయించుకునేవారికి ఫినాలే వరుస అనుకూలం. చిక్కు వరుసలో లేదు. ఒక వరుసకు అలవాటైన చెయ్యి మరొక వరుసలోకి అడుగుపెట్టినప్పుడు ఉంది. అంకెల విషయంలోనూ ఇదే జరిగింది. క్వార్టర్ నోట్‌కు సిబేలియస్‌లో 4, ఫినాలే స్పీడీ ఎంట్రీలోను మ్యూజ్‌స్కోర్‌లోను 5, డోరికోలో 6. ఏ చిన్న కాలప్రమాణం నుంచి లెక్క మొదలుపెట్టారన్నదే ఈ తేడాకు కారణం. సిబేలియస్‌లో 1 అంటే ముప్పైరెండవ వంతు స్వరం, మ్యూజ్‌స్కోర్‌లో అరవైనాలుగవ వంతు, డోరికోలో నూటఇరవైఎనిమిదవ వంతు.

6. మ్యూజ్‌స్కోర్, డోరికో: వారసత్వాల కూడిక

జర్మనీకి చెందిన వెర్నర్ ష్వేర్ 2002లో తన సంగీతక్రమణి నుంచి లేఖనభాగాన్ని వేరుచేయడంతో మ్యూజ్‌స్కోర్ ఆరంభమైంది. 2011లో తొలి సంపూర్ణరూపం వెలువడింది. ఉచితం కావడంవల్ల విద్యార్థులు, చిన్న బృందాలు, స్వచ్ఛంద గాయకమండళ్ళు దీనిని విస్తృతంగా స్వీకరించాయి. ఇతర సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చినవారు తమ తమ అలవాట్లను వెంట తెచ్చుకున్నారు. కాలక్రమంలో ఇన్‌పుట్ మోడ్ల పట్టిక పెరిగింది. స్వరాలను ఒక్కొక్కటిగా అందించే ప్రధానమోడ్; రాసి ఉన్న కాలప్రమాణాలను అలాగే ఉంచి స్వరాలను మాత్రమే మార్చే మోడ్; స్వరస్థానంతో నిమిత్తం లేకుండా లయను మాత్రమే రాసే మోడ్; యంత్రపు తాళానికి గాని, కాలిపెడల్ తాళానికి గాని వాయించే రెండు రియల్‌టైమ్ మోడ్లు; మధ్యలో స్వరాన్ని చొప్పించి మిగిలినదాన్ని ముందుకు జరిపే మోడ్. ఇటీవలి రూపాలలో స్వరస్థానాన్ని ముందు నిర్ణయించి కాలప్రమాణంతో స్వరాన్ని ఖాయం చేసే మోడ్ కూడా చేరింది.

ఈ పట్టికను ఇంతవరకు చెప్పుకున్న చరిత్రతో పక్కపక్కన పెట్టి చూస్తే దాని రూపం స్పష్టమవుతుంది. లయను ఒకసారి, స్వరాలను ఒకసారి రాసే రెండు మోడ్లనూ కలిపితే లీలండ్ స్మిత్ విడతలు వస్తాయి. రియల్‌టైమ్ మోడ్లు మాకింగ్‌బర్డ్ ఆశయాన్ని కొనసాగిస్తున్నాయి. కాలప్రమాణంతో ఖాయం చేసే మోడ్‌లో స్పీడీ ఎంట్రీ వరుస, దానికి ముందున్న కీటన్ టైపురైటర్ వరుస కనబడతాయి. పట్టికలోని ఒక్కొక్క పేరు ఒక్కొక్క తరం చేతివాటం. దీనిని నిర్మాతల అస్తవ్యస్తతగా చదివితే సగమే చదివినట్లు. ఎవరినీ వదులుకోకూడదన్న ఔదార్యం కూడా ఇందులో ఉంది. అయితే ఈ ఔదార్యానికి కొత్తవారు మూల్యం చెల్లిస్తున్నారు. తమకు ఏనాడూ అవసరం లేని ఒక మోడ్‌లోకి పొరపాటున అడుగుపెట్టి, అంకెలు ఎందుకు పనిచేయడం లేదో, స్వరాలు ఎందుకు మారుతున్నాయో తెలియక సతమతమవుతున్నారు.

సిబేలియస్ లండన్ కార్యాలయం 2012లో మూతపడిన తరువాత, ఆ బృందంలోని పలువురు స్టైన్‌బర్గ్ సంస్థలో చేరి 2016 అక్టోబరులో డోరికోను విడుదల చేశారు. పాత పునాదులు లేకుండా మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ మోడ్లను తొలగించలేదు. పైకి తెచ్చి పేర్లు పెట్టింది. బృందాన్ని ఏర్పరచుకోవడం, రాయడం, ముద్రణరూపాన్ని దిద్దడం, వినడం వంటి దశలు తెరపై విడివిడి గదులుగా ఉంటాయి. రాసే గదిలో ఉన్నప్పుడు మళ్ళీ సమస్వరాలు పేర్చడం, చొప్పించడం, కాలప్రమాణాన్ని స్థిరపరచడం వంటి ఉపస్థితులు ఉన్నాయి. స్వరం ముందా, కాలం ముందా అన్నది కూడా వాడేవారి ఎంపికకే విడిచిపెట్టారు. ఉపస్థితిని బట్టి కర్సర్ గీత ఆకారం మారుతుంది. చూపు ఎక్కడ నిలిచి ఉందో అక్కడే స్థితి కనబడాలన్న ఆలోచన దీని వెనుక ఉంది.

7. చూపుకు, స్పర్శకు మధ్య

కనబడటం మాత్రమే చాలునా అన్న ప్రశ్నకు 1992లో ఒక పరిశోధన సమాధానమిచ్చింది. ఎబిగేల్ సెల్లెన్, గోర్డన్ కుర్టెన్‌బాక్, విలియం బక్స్‌టన్ పాఠ్యసంపాదకంపై ప్రయోగాలు చేసి, తెరపై కనబడే సూచన కంటే కాలితో పెడల్‌ను తొక్కిపట్టి ఉంచడంవల్ల మోడ్ పొరపాట్లు ఎక్కువగా తగ్గుతాయని నిరూపించారు. ఈ ముగ్గురిలో బక్స్‌టన్ సంగీతం అభ్యసించినవాడు. 1970ల చివర టొరంటో విశ్వవిద్యాలయంలో స్వరలేఖన సంపాదకాల నిర్మాణంలో పాల్గొన్నవాడు. పెడల్‌ను తొక్కిపట్టి ఉన్నంతసేపు తీగలు మోగుతూనే ఉంటాయన్నది పియానో వాయించే ప్రతివారికీ తెలుసు. కాలు చెప్పే సంగతిని కన్ను చూడనక్కరలేదు. సంగీతకారుల ఈ సామాన్యజ్ఞానం కంప్యూటర్ శాస్త్రానికి ఒక పరిశోధనాఫలితంగా అందడం విశేషం.

కీటన్ యంత్రంలోని పిడి, ఫలకలేఖకుడి చేతి ఉలి, స్పీడీ ఎంట్రీలో నొక్కిపట్టిన పియానో మీట, ఈ ప్రయోగంలోని పెడల్. నాలుగింటిలోనూ స్థితి శరీరానికి తెలుస్తూ ఉంటుంది. ఒకసారి నొక్కి వదిలేసిన మీట యంత్రపు జ్ఞాపకంలో మిగిల్చే స్థితి మాత్రం శరీరానికి తెలియదు. చరిత్రలో తికమక మొదలైనది ఇక్కడే.

8. తెలుగు స్వరలిపితో పోలిక

ఈ నేపథ్యంలో తెలుగు పాఠకులకు పరిచితమైన స్వరలిపిని పరిశీలించడం ప్రయోజనకరం. మద్రాసులో ఎ. ఎం. చిన్నస్వామి ముదలియార్ 1892-93లలో దక్షిణాది కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రకటించారు. ఆయన ప్రోత్సాహం కూడా కారణంగా సుబ్బరామ దీక్షితులు రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. గమకాలకు ప్రత్యేకచిహ్నాలు కూర్చిన ఆ బృహద్గ్రంథంలో స్వరాలను రాసింది అక్షరాలతోనే.

మన స్వరలిపిలో హల్లు స్వరాన్ని, అచ్చు నిడివిని తెలుపుతాయి. ‘ప’ అంటే ఒక అక్షరకాలపు పంచమం, ‘పా’ అంటే రెండు అక్షరకాలాల పంచమం. రి, రీ, ని, నీ కూడా ఇంతే. నిడివి ఇంకా పెరగాలంటే కామా, సెమికోలన్ చేరుస్తాం. పదహారవ శతాబ్దపు పారిస్ అచ్చులో మాదిరిగా ఇక్కడ స్వరం, కాలం ఒకే గుర్తులో కలిసి ఉన్నాయి. అంధుల కోసం లూయీ బ్రెయిల్ రూపొందించిన సంగీతలిపిలోనూ ఇదే సూత్రం ఉంది. ఆరు చుక్కల గడిలో పై నాలుగు చుక్కలు స్వరాన్ని, కింది రెండు చుక్కలు కాలాన్ని తెలుపుతాయి.

కంప్యూటర్‌లో ‘పా’ టైపు చేసేటప్పుడు హల్లు ముందు, దీర్ఘం తరువాత వస్తాయి. ఆ విధంగా చూస్తే స్వరం ముందు, కాలం తరువాత అన్న వరుస తెలుగు లిపిలో సహజంగానే ఉంది. అంతకంటె ముఖ్యమైన తేడా ఒకటుంది. ‘పా’ తరువాత ‘మ’ రాస్తే ఆ దీర్ఘం మకారానికి అంటుకోదు. ప్రతి అక్షరం తన కాలాన్ని తానే మోస్తుంది. రెండవ కాలానికి పైన గీత గీసినప్పుడు మాత్రమే ఒక ఆజ్ఞ పలు అక్షరాలకు వర్తిస్తుంది. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనబడుతూనే ఉంటుంది. ఈ లిపిలో పెరిగినవారు స్టాఫ్ నొటేషన్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నప్పుడు, ఒకసారి ఎంచుకున్న కాలప్రమాణం మార్చేవరకు వదలకుండా వెంటరావడం కొత్తగా తోచడంలో వింత లేదు. ఈ ఒక్క భేదాన్ని ముందుగానే చెప్పగలిగితే, బోధన మరింత సుగమమవుతుంది.

9. ముగింపు

2024 ఆగస్టులో మేక్‌మ్యూజిక్ సంస్థ ఫినాలే అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించి, వాడుకదారులను డోరికో వైపు మళ్ళించింది. ముప్పైఅయిదేళ్ళకు పైబడిన ఒక సాఫ్ట్‌వేర్ జీవితం అలా ముగిసింది. అందులో రాసిన సంగీతాన్ని మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే వినిమయరూపంలోకి మార్చి మరొక సాఫ్ట్‌వేర్‌లో తెరవవచ్చు. కొన్ని వివరాలు దారిలో జారిపోయినా స్వరాలు, కాలప్రమాణాలు చేరతాయి. చేతులలో నిలిచిపోయిన వరుసను మాత్రం ఏ వినిమయరూపమూ మోయలేదు. ఎడమచెయ్యి స్వరాన్ని పట్టుకోగా కుడిచెయ్యి కాలాన్ని చెప్పే నేర్పు దశాబ్దాల సాధనతో వచ్చినది. దానికి చోటిచ్చే ఒక మోడ్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదా లేదా అన్నది వృత్తిలో ఉన్న లేఖకులకు అలంకారప్రాయమైన ప్రశ్న కాదు, జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

మోడ్లన్నిటినీ తొలగించాలన్న టెస్లర్ ఆశయం పాఠ్యరచనలో చాలావరకు నెరవేరింది. సంగీతలేఖనంలో నెరవేరలేదు. అక్షరానికి ఒకే నిర్ణయం చాలు, స్వరచిహ్నానికి రెండు కావాలి. ఆ రెండింటి నడుమ ఏదో ఒక వరుస, ఏదో ఒక జ్ఞాపకం తప్పవు. కనుక చేయవలసినది మోడ్లను తుడిచివేయడం కాదు. ఏ మోడ్‌లో ఉన్నామో చూపుకు దగ్గరగా, వీలైతే చేతికి తెలిసేటట్లు ఉంచడం, అవసరం లేనివారి దారికి అడ్డురాకుండా పక్కకు తీసిపెట్టడం. బోధించేవారు మీటల పట్టికను వల్లెవేయించడానికి ముందు ఒక ప్రశ్నను పరిచయం చేయడం మేలు: ఈ సాఫ్ట్‌వేర్ స్వరాన్ని ముందు అడుగుతున్నదా, కాలాన్ని ముందు అడుగుతున్నదా, తాను విన్నదానిని ఎంతసేపు గుర్తుపెట్టుకుంటున్నది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసిన విద్యార్థి ఏ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళినా దారి తప్పడు.